పట్టాలు తీసేసిన ఊరు

పోయిన నెల ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి నన్ను డెంటిస్ట్ దగ్గరికి డ్రైవ్ చేసి తీసుకెళుతుంటే దారిలో రైలు గేటు పడింది. "అయ్యో, అపాయింట్‌మెంట్‌కి లేటవుతుంది మమ్మీ" అని తను ఇంజన్ ఆపేసి ఫోన్ తీసుకుంది. వెనక సీట్లో మనవరాలు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, వచ్చే ఒక్కో పెట్టెకీ ఒక్కో రంగు పేరు అరుస్తూ కూర్చుంది. గూడ్సు బండి. నిదానంగా, దాని ఇష్టం వచ్చినట్టు పోతోంది. నేను కళ్ళు మూసుకున్నాను. "అమ్మమ్మ, నువ్వు స్లీప్ చేస్తున్నావా?" అంది మనవరాలు. లేదమ్మా, వింటున్నాను అన్నాను. దానికి చెప్పేంత చిన్న కథ కాదు. మా అమ్మాయికి కూడా పూర్తిగా చెప్పలేదు. తను పుట్టకముందు తనకో అక్క ఉండేదనీ, టెక్సస్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉందనీ మాత్రం తెలుసు. ఆ ఊరి సంగతి ఇప్పుడైనా చెప్పాలి.

మేము ఆ ఊరికి వెళ్ళింది డెబ్భైల చివర్లో. మా ఆయన డాక్టరు. అమెరికన్ డాక్టర్లెవరూ రామన్న ఊళ్ళకి అప్పట్లో మనవాళ్ళని పిలిచేవారు. అక్కడున్న ముసలి డాక్టరు రిటైరైపోతే ఊరంతా ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి నల్లటి సూట్‌కేసుతో దిగిన మా ఆయన్ని చూసి, కాసేపు తటపటాయించి, తర్వాత తలా ఒక తీపి పై వండి తెచ్చిపెట్టారు. వారం రోజులు మేము అన్నం మొహం చూడలేదు. నా సంగతి చెప్పాలంటే, ఆ ఊరు మొదటి రోజే నాకు నచ్చింది. మా నాన్న రైల్వేలో గార్డు. నేను పుట్టి పెరిగింది బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో. బళ్ళ కూతలు వినబడకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఇక్కడ కూడా ఇంటి ముందు నిలబడితే పట్టాలు కనిపించేవి. ఊరి చుట్టూ ఉన్న ముళ్ళచెట్లు అచ్చం మన సర్కారు తుమ్మే. పొలాల్లో పత్తి, జొన్న. ఎర్రటి మట్టి, ఎప్పుడూ తగ్గని గాలి. దేవుడు నన్ను ఇంత దూరం తీసుకొచ్చి మళ్ళీ రైల్వే క్వార్టర్స్‌లోనే పడేశాడే అనుకుని నవ్వుకున్నాను.

ఆ ఊరి భూగోళం చెప్పడానికి అట్టేసేపు పట్టదు. కొండ లేదు, నది లేదు. తూర్పు నుంచి పడమటికి పట్టాలు, పట్టాల పక్కనే పసుపురంగు చెక్క స్టేషను. ఆ స్టేషన్లో ప్యాసింజరు బండి ఆగి అప్పటికే చాలా కాలమైంది. పట్టాలకి దక్షిణాన మెయిన్ స్ట్రీట్, బ్యాంకు, మందుల షాపు, తెల్లవాళ్ళ చర్చిలు, పీకాన్ చెట్లున్న వీధులు, ఆ వీధుల చివర దేవదారు చెట్ల మధ్య సమాధుల తోట. ఉత్తరాన పత్తి జిన్నింగు మిల్లు, ధాన్యం నిలవచేసే ఎత్తైన కాంక్రీటు గొట్టాలు, వాటి నీడలో మెక్సికన్ల ఇళ్ళు, నల్లవాళ్ళ ఇళ్ళు, వాళ్ళ చర్చిలు, మిల్లు వెనక వాళ్ళ సమాధుల తోట. ఆస్పత్రి కూడా ఉత్తరానే, భూమి చవకని అక్కడ కట్టారట. మా ఇల్లు మాత్రం దక్షిణాన. ఎవరు ఎటు ఉండాలో ఎక్కడా బోర్డు పెట్టి లేదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు, అంతే. మేము ఎటువైపు వాళ్ళమో ఊరికి సరిగ్గా తేలలేదు. డాక్టరు కాబట్టి దక్షిణం అనుకున్నారేమో.

ఆ ఊరి చరిత్ర అంతా నాకు చెప్పింది మా పక్కింటి పెద్దావిడ. అప్పటికే ఆవిడకి డెబ్భై దాటాయి. ఆవిడ భర్త, ఆ స్టేషను మూతపడేదాకా అక్కడ స్టేషన్ మాస్టారు. ఆయన పోయాక ఒక్కతే ఉండేది. నేను ఆంటీ అని పిలిస్తే మొదట్లో వింతగా చూసి, "నాకు తోబుట్టువులు లేరు, నేనెవరికి ఆంటీని హనీ?" అంది. కొన్నాళ్ళకి నేను పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. సాయంత్రాలు వాళ్ళ వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతూనో, అలసందలు ఒలుస్తూనో కబుర్లు చెప్పేది. ఓసారి ఆవిడిచ్చిన అలసందలు రుబ్బి వడలు చేసి చర్చి భోజనాలకి తీసుకెళ్ళాను. ఆ చర్చి పెద్దలందరూ అవి డోనట్లనుకుని పైన తేనె పోసుకుని తిన్నారు. పచ్చిమిరపకాయ తగిలినవాళ్ళు కూడా మర్యాదకి మాట్లాడకుండా, కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు. పెద్దావిడ మాత్రం ఇంటికొచ్చాక వరండా మెట్ల మీద కూలబడి నవ్వింది.

అసలు ఊరు ఇక్కడ ఉండేదే కాదట. దక్షిణంగా కొన్ని మైళ్ళ దూరంలో, వాగు పక్కన ఉండేదట. రైలు మన ఊరి మీదుగానే వస్తుందని అందరూ ధీమాగా కూర్చుంటే, రైలు వేసేవాళ్ళు వాగు సంగతే పట్టించుకోకుండా నేల చదునుగా ఉన్నచోట తిన్నగా గీత గీసుకుంటూ పోయారట. రైలు ఊరికి రాకపోతే ఊరే రైలు దగ్గరికి వెళ్ళింది. ఇళ్ళ కింద దుంగలు పెట్టి కంచర గాడిదలతో లాగించారు. చర్చిని విప్పకుండా లాక్కొస్తుంటే కుదుపు కుదుపుకీ గంట దానంతటదే మోగిందట. "మా అమ్మమ్మ ఇల్లు కదులుతుంటే లోపల పొయ్యి మీద బీన్స్ వండింది" అనేది పెద్దావిడ. నిజమా అని అడిగితే, "ఏమో హనీ. మాడిపోయాయని మాత్రం మా అమ్మ ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ చెప్పేది" అని నవ్వేది. అన్నీ తెచ్చుకున్నారు గానీ సమాధుల్ని తేలేకపోయారు. వాగు పక్కన అవి అలాగే ఉండిపోయాయి, ఆలనా పాలనా లేకుండా.

ఆవిడ నవ్వకుండా చెప్పిన కథ ఒకటుంది. అది ఒక్కసారే చెప్పింది. ఆవిడకి ఒక్కడే కొడుకు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళేటప్పుడు ఆ పసుపురంగు స్టేషన్లోనే బండెక్కాడు. ఆ బండి డ్రైవరుకి బయల్దేరమని కాగితం అందించింది వాళ్ళ నాన్నే. ఓడ మునిగి కొడుకు పోయాడన్న టెలిగ్రాం వచ్చింది కూడా ఆ స్టేషనుకే. ఊరికంతటికీ టెలిగ్రాములు తీసుకునేది ఆయనే కాబట్టి, టకటకమని వస్తున్న కబురుని తన చేత్తోనే ఒక్కో మాటా రాసుకున్నాడు. రాసుకుని, కోటు తొడుక్కుని, స్టేషనుకి తాళం వేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. "పగటిపూట స్టేషన్ మూసి రావడం నేనెప్పుడూ చూడలేదు. గేటు తియ్యకముందే నాకు తెలిసిపోయింది" అంది. శవం దొరకలేదు. అయినా సమాధుల తోటలో భర్తకి ఒకటి, తనకి ఒకటి, పక్కన కొడుక్కి ఒకటి చోటు ఉంచుకున్నారు. ఏటా అక్కడ గడ్డి కోయించేది.

రోజూ మధ్యాహ్నం పడమటికి ఒక గూడ్సు పోయేది. చివరి పెట్టెలో గార్డు ఉండేవాడు. పెద్దావిడ వరండాలో నిలబడి చెయ్యి ఊపేది, అతను టోపీ తీసి ఊపేవాడు. మా నాన్న కూడా అలాగే ఊపేవాడు మా క్వార్టర్స్ ముందు నుంచి వెళ్ళేటప్పుడు. నేను కూడా ఆవిడ పక్కన నిలబడి ఊపడం మొదలుపెట్టాను. నేను కడుపుతో ఉన్న రోజుల్లో, నా పొట్ట చూసి ఆ గార్డు రెండు చేతులూ ఊపాడొకసారి.

అది పత్తి తీసే కాలం. రెండ్రోజులు వాన పడి పొలాల రోడ్లన్నీ ఎర్రటి జిగురైపోయాయి. నాకింకా ఏడో నెలే. మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. కేకేస్తే పెద్దావిడ ఏప్రను కూడా విప్పకుండా వచ్చి, తన పాత కార్లో నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరింది. గేటు దగ్గరికి వచ్చేసరికి గూడ్సు బండి అడ్డంగా ఆగి ఉంది. పంట రోజులు కదా, బండి ఎప్పటికంటే పొడుగు. ఊరికున్న గేట్లన్నీ ఆ ఒక్క బండే మూసేసింది. చుట్టూ తిరిగి పోదామంటే ఆ జిగురులో కారు దిగబడితే ఇక అంతే. కిటికీలోంచి నాకు పెట్టెల మధ్య సందులో ఆస్పత్రి కప్పు కనబడుతూనే ఉంది. నడిచి వెళ్ళేంత దూరం. "ఆంటీ, కింద నుంచి దూరి వెళ్ళిపోదాం" అని ఏడ్చాను. "కదిలిందంటే ఏమవుతుందో మీ నాన్న నీకు చెప్పలేదా?" అని కసిరి, కారు దిగి, పట్టాల పక్కన కంకర మీద గార్డు పెట్టె వైపు పరుగెత్తింది. ఆ వయసులో అంత పెద్దావిడ పరుగెత్తడం అంతకుముందు నేను చూడలేదు, తర్వాతా చూడలేదు.

ముందెక్కడో పట్టా విరిగిందట. ఆ లైనుకి మరమ్మతులు చేయించడం రైలు కంపెనీ ఎప్పుడో మానేసింది. బాగయ్యేదాకా బండి కదలదు. గార్డు పెద్దావిడతో పాటు పరుగెత్తుకుంటూ వచ్చి, కారులోకి తొంగి చూసి నన్ను గుర్తుపట్టాడు. రేడియోలో డ్రైవరుకి చెప్పి, గేటు దగ్గర పెట్టెల్ని కలిపే కప్లింగు విప్పి, ముందు సగాన్ని ముందుకి లాగించాడు. కారు పట్టేంత సందు అయ్యేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. నొప్పుల్లో కాలం ఒకలా ఉండదు.

పురుడు మా ఆయనే పోశారు. ఆ ఊళ్ళో ఇంకో డాక్టరు లేడు. ఆడపిల్ల. అంత నెలలు తక్కువ పిల్లని పెట్టే ఇంక్యుబేటర్ అక్కడ లేదు. పెద్ద ఊరి నుంచి అంబులెన్స్ రావాలి. అది వచ్చేలోపు మా ఆయన పాపని వేడి గుడ్డల్లో చుట్టి తన చొక్కా లోపల గుండెకి ఆనించుకుని కూర్చున్నారు. పాప సాయంత్రం దాకా ఉంది. పేరు పెట్టాం, ప్రార్థన చేశాం. ఆ పేరు ఇక్కడ రాయను, అది మా ఇద్దరిదీ.

మర్నాడు పొద్దున సమాధుల తోట కమిటీ పెద్దాయన మా ఇంటికొచ్చాడు. మందుల షాపు ఆయనది. మంచివాడే. టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చుని, వాతావరణం గురించి మాట్లాడి, తర్వాత, "డాక్ట‌ర్, మిల్లు వెనక కూడా మంచి స్థలం ఉంది. ప్రశాంతంగా ఉంటుంది. మీకు అక్కడైతే ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు. మా ఆయన నేలచూపులు చూస్తున్నారు. ఆ ఊళ్ళో సగం మంది ఆయన చేతి మందు మింగినవాళ్ళే. నాకు ఆ మాట అర్థం కావడానికే కాస్త టైం పట్టింది. మిల్లు వెనకంటే పట్టాలకి అవతల. మిల్లు వెనక పడుకున్నవాళ్ళ పక్కన నా బిడ్డని పెట్టడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. వాళ్ళ బిడ్డల్ని కూడా మా ఆయనే చూసేవారు. ఆ మాట వెనకున్న మాటే గుచ్చుకుంది.

వంటింట్లో నాకోసం సూపు కాస్తున్న పెద్దావిడ గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇదిగో, మా వాడి చోటు ఖాళీగా ఉంది" అంది. ఆయన లేచి నిలబడ్డాడు. "మేడమ్, అది మీ అబ్బాయిది."

"వాడు రాడు. అది నాకు తెలుసు, నీకూ తెలుసు. ఇన్నేళ్ళూ గడ్డికి నీళ్ళు పోస్తున్నాను. నా పక్కన ఎవరుండాలో నేను చెప్తాను, కమిటీ కాదు."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను పెద్దావిడ నడుం పట్టుకుని ఏడ్చాను. ఆవిడ గరిటె అలాగే పట్టుకుని ఉంది. మధ్యాహ్నం సమాధుల తోటకి వెళ్ళేసరికి ఆ మందుల షాపాయనే కోటు విప్పి పార పట్టుకుని, పనివాళ్ళతో పాటు అంచులు సరిచేస్తున్నాడు. మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. ఆయన్ని క్షమించానో లేదో ఇప్పటికీ నాకు తెలీదు గానీ, ఆ పార మాత్రం మరిచిపోలేదు.

ఆ తర్వాత రైలంటే నాకు అసహ్యం పుట్టింది. గూడ్సు వచ్చే వేళకి కిటికీలు మూసేసుకునేదాన్ని. పెద్దావిడ వరండాలో ఒక్కతే నిలబడి చెయ్యి ఊపేది. నన్ను రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు. మా ఆయన్ని ఒకసారే అడిగాను. "ఏవండీ, ఆ బండి అడ్డం లేకపోతే మన పాప ఉండేదా?" ఆయన వెంటనే, "లేదు. ఏమీ తేడా ఉండేది కాదు. నువ్వు దాని గురించి ఆలోచించకు" అన్నారు. మరీ వెంటనే అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. కొన్నేళ్ళకి ఇప్పుడున్న అమ్మాయి పుట్టింది. ఆ కాన్పుకి నెల ముందే నన్ను పెద్ద ఊళ్ళో ఆస్పత్రి పక్కన గది తీసుకుని ఉంచారు.

ఎనభైల్లో ఊరు ఒక్కొక్క దీపం ఆర్పుకుంటూ వచ్చింది. ముందు జిన్నింగు మిల్లు మూతపడింది. తర్వాత బట్టల షాపు, సినిమా హాలు. రైలుకి చివరి పెట్టె తీసేశారు. గార్డు లేడు, అక్కడ ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు తగిలించారు. పెద్దావిడ ఆ లైటుకి కూడా కొన్నాళ్ళు చెయ్యి ఊపింది. ఆ తర్వాత బళ్ళే ఆగిపోయాయి, కంపెనీ ఆ లైను వద్దనుకుంది. ఒక వేసవిలో మనుషులు యంత్రాలతో వచ్చి పట్టాలు పీక్కుంటూ పోయారు. ఊరంతా మెయిన్ స్ట్రీట్ చివర నిలబడి చూసింది. దక్షిణం వాళ్ళూ ఉత్తరం వాళ్ళూ కలిసి ఒక్కచోట నిలబడటం నేను చూసింది ఆ రోజే. పెద్దావిడకి మడత కుర్చీ వేసి నేను పక్కన నిలబడ్డాను. పట్టా లేచినప్పుడల్లా మేకులు కీచుమనేవి. నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. ఆవిడ ముఖం చూస్తే ఏమీ హాయిగా లేదు.

"ఈ పట్టాల మీదే కదా వాడు వెళ్ళింది" అందావిడ. "ఎటు వెళ్ళాడో చూపించడానికి అవొక్కటే మిగిలాయి నాకు." కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "నీకు వీటి మీద కోపం అని తెలుసు హనీ. ఉండాలి కూడా. నా పక్కన నిలబడినందుకు థాంక్స్" అంది. మేమిద్దరం ఒకే ఇనుముని చూస్తూ ఏడ్చాం, వేరే వేరే కారణాలకి.

మరుసటి ఏడాది స్టేషన్ని ఎవరో కొనుక్కుని, పెద్ద ఊళ్ళో హోటల్ పెట్టుకోవడానికి ట్రెయిలర్ మీద ఎక్కించుకుపోయారు. రోగులు తగ్గిపోయి ఆస్పత్రి కూడా మూసేస్తామన్నారు. మా ఆయనకి జార్జియాలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు రోజు సమాధుల తోటకి వెళ్ళాం. పెద్దావిడ కూడా వచ్చింది. "నేనిక్కడే ఉంటాను కదా. తర్వాత కూడా ఇక్కడే ఉంటాను. నువ్వు బెంగ పెట్టుకోకు" అంది. నేను ఆవిడ భుజం మీద తల పెట్టాను. ఆవిడ దగ్గర స్టార్చి పెట్టిన బట్టల వాసన.

బయల్దేరే రోజు మా ఆయన ఆస్పత్రిలో తాళాలు ఇచ్చేసి వస్తూ పాత గేటు దగ్గర కారు ఆపారు. పట్టాల్లేవు, గేటు లేదు. కంకర చార ఒక్కటే మిగిలింది. అలవాటుగా అటూ ఇటూ చూశారు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, నా వైపు తిరక్కుండా, "తేడా ఉండేది కాదని చెప్పాను కదా నీకు" అన్నారు. "నాకు తెలీదు. అప్పుడూ తెలీదు. డాక్టర్ని కాబట్టి తెలిసినట్టు చెప్పాను. తెలీదని చెబితే నువ్వు బతకవనిపించింది." వెనక సీట్లో పిల్ల నిద్రపోతోంది. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. అన్నేళ్ళూ ఆ తెలియనితనాన్ని ఆయన ఒక్కరే మోశారు. కాసేపు ఆ కంకర మీదే ఉండిపోయాం. మా వెనక హారన్ కొట్టడానికి ఆ ఊళ్ళో కారు లేదు.

రెండేళ్ళ తర్వాత పెద్దావిడ పోయిందని చర్చి పాస్టరు ఫోన్ చేశాడు. మా ఆయన పోయాక, కొన్నేళ్ళ కిందట, మా అమ్మాయి నన్ను ఆ ఊరికి తీసుకెళ్ళింది. మెయిన్ స్ట్రీట్‌లో గాలి తప్ప ఎవరూ లేరు. కంకర చార మీద గడ్డి మొలిచి, ఎటువైపు ఉత్తరమో ఎటువైపు దక్షిణమో కొత్తవాళ్ళకి చెప్పినా తెలియదు. సమాధుల తోటలో స్టేషన్ మాస్టారు, ఆయన పక్కన పెద్దావిడ, ఆవిడ పక్కన మా పాప. రెండు వరసల వెనక మందుల షాపాయన. మిల్లు వెనక ఇళ్ళలో ఉండే మెక్సికన్ కుటుంబం ఒకటి ఇప్పుడు ఆ తోట చూసుకుంటోందట. మా ఆయన చేతిమీద పుట్టిన పిల్లవాడి కూతురే వచ్చి నీళ్ళ గొట్టం తెచ్చిచ్చింది. మా అమ్మాయి అక్క రాయి మీద మట్టి కడిగి, ఆ పేరుని మొదటిసారి పైకి చదివింది. తన అమెరికన్ యాసలో ఆ పేరు కొత్తగా వినబడింది, ఇప్పుడే పెట్టినట్టు.

కాలం దుఃఖాన్ని తీసుకుపోతుందని అందరూ ఓదారుస్తారు. నేను చూసినంతవరకు అది ఏమీ తీసుకుపోదు. మనం దిగిన చోట దుఃఖాన్ని అలాగే ఉంచి, దాని చుట్టూ ఒక్కొక్క మనిషినీ, ఒక్కొక్క ఏడాదినీ తెచ్చి నిలబెడుతుంది, అంతే.